పురుగు ముట్టింది

2022 జూలై. గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలన్నీ నీళ్ళలో ఉన్న రోజులు. అప్పటికి నేను కోనసీమలో, పి.గన్నవరానికి కాస్త ఎడంగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసినవాళ్ళకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

మా బడి మెరకలో ఉంటుంది. అందుకని వరద వచ్చినప్పుడల్లా అది పునరావాస కేంద్రం అయిపోతుంది. బెంచీలు గోడవారన ఒకదానిమీదొకటి పేర్చేసి గదికి నాలుగైదు కుటుంబాలను దింపుతారు. వంటలు సైకిల్ షెడ్డులో. టీచర్లకు ఫ్లడ్ డ్యూటీ వేస్తారు. ఫ్లడ్ డ్యూటీ అంటే బియ్యం, పాల ప్యాకెట్లు దింపించుకోవడం దగ్గర్నుంచి కుళాయి దగ్గర తగువులు తీర్చడం దాకా అన్నీ అని అర్థం. పాఠం ఒక్కటే చెప్పక్కర్లేదు.

అయినా నేను చెప్పాను. పిల్లలు వరండాలో ఊరికే తిరుగుతుంటే చూడలేక, ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లోంచి సరీసృపాల చార్టు తెచ్చి ఎనిమిదో తరగతి గదిలో తగిలించాను. ఇలాంటి చార్టులూ నమూనాలూ మా భాషలో టీఎల్ఎం, అంటే పాఠం చెప్పేటప్పుడు చూపించే సామగ్రి. ఆ పాఠమే ఎందుకంటే, వరదకి మనుషులతోపాటు అవి కూడా మెరక వెతుక్కుంటాయి. బడి చుట్టూ నీళ్ళుంటే పొడినేల కోసం అవీ బడికే వస్తాయి. జాగ్రత్త చెప్పినట్టూ ఉంటుంది, పొద్దుపోయినట్టూ ఉంటుందనుకున్నాను.

పిల్లల వెనక పెద్దవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. చార్టు దగ్గర నిలబడి వేలు పెట్టి చూపించే పని సత్యవేణికి ఇచ్చాను. వేణి పదో తరగతి. లంకలో కొబ్బరితోటల్లో కూలికి వెళ్ళే కుటుంబం. తండ్రి మస్కట్‌లో తాపీపని చేస్తాడు. తల్లి అనంతలక్ష్మి, నాయనమ్మ సత్తెమ్మ గారు, ఈ పిల్ల, ముగ్గురూ ఆ ఎనిమిదో తరగతి గదిలోనే ఉంటున్నారు. వేణి నోట్లో నాలుక లేని పిల్ల, కానీ చార్టు ముందు నిలబెడితే వేరే మనిషైపోతుంది.

"సరీసృపాలంటే పాకేవి అని అర్థమండి," అని మొదలుపెట్టింది. ఒంటిమీద పొడిగా ఉండే పొలుసులు, ఊపిరితిత్తులతో గాలి పీల్చడం, ఒంటి వేడిని తమంతట తాము నిలుపుకోలేక ఎండకీ నీడకీ మారుతుండడం, గట్టి పెంకో తోలులాంటి పెంకో ఉన్న గుడ్లు నేలమీదే పెట్టడం, ఇవీ గుర్తులని చెప్పింది. కప్ప దీంట్లోకి రాదు, దాని చర్మం తడి, పిల్లప్పుడు మొప్పలతో బతుకుతుంది. తేలు, జెర్రి అసలే రావు, వాటికి వెన్నెముకే లేదు. తరవాత నాలుగు వర్గాలూ చూపించింది. వీపుమీద డిప్పతో తాబేళ్ళు. అంతర్వేది ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేలు కూడా అందులోదే. రెండోది మొసళ్ళు. మూడోది అన్నిటికంటే పెద్ద వర్గం. బల్లి, తొండ, ఊసరవెల్లి, ఉడుము, వాటితోపాటు పాములన్నీ. నాలుగోది టువటారా. చూడ్డానికి తొండలా ఉంటుంది కానీ తొండ కాదు, ప్రపంచం మొత్తంమీద న్యూజిలాండ్‌లోనే మిగిలింది.

వెనక కూర్చున్న ఒక పెద్దాయన, "బల్లీ అదీ ఒకే ఇంటివాళ్ళంటారా మేడం గారూ?" అని అడిగారు.

"ఒకే ఇంటివాళ్ళేనండి. దగ్గరి చుట్టాలు."

"అయితే మా గోడమీదంతా చుట్టాలే ఉన్నారన్నమాట," అన్నారాయన. అందరూ నవ్వారు.

ఆయన 'బల్లీ పామూ' అనలేదు, 'బల్లీ అదీ' అన్నారు. బడి బయట మా వైపు చాలామంది ఆ పేరు ఎత్తరు. పురుగు అంటారు. కనిపిస్తే పురుగు కనపడిందంటారు, కరిస్తే పురుగు ముట్టిందంటారు. పేరెత్తితే పిలిచినట్టవుతుందని భయం, పైగా దేవుడన్న గౌరవం. ఇది హిందువుల అలవాటు మాత్రమే అనుకోకండి. ఆదివారం చర్చికి వెళ్ళడం మానని మా అమ్మ కూడా పెరట్లోకి వెళ్తుంటే, "దీపం పట్టుకెళ్ళు, పురుగూ పుట్రా ఉంటాయి" అనేది. నేనూ ఆ మాట వింటూనే పెరిగాను. జీవశాస్త్రం చదువుకున్నాక పాము అనడం అలవాటు చేసుకున్నాను, పిల్లలకీ చేశాను.

వేణి ఆరోజు పాము అనే అంది. విషమున్నవాటిలో మన చుట్టూ ఎక్కువగా ఉండేవి తాచు, రక్తపింజర, కట్లపాము అని చూపించింది. "కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి ఉండదండి, వాపు రాదండి. అందుకే మోసపోతామండి," అని నేను క్లాసులో చెప్పిన మాటలే గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. అనంతలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడి కూతుర్నే చూస్తోంది. పాఠం మీద ఆవిడకు ధ్యాస లేదు, పిల్ల మాట్లాడే తీరు చూసి మురిసిపోతోంది.

క్యాంపుకి వేసిన డాక్టరు గురించి కూడా చెప్పాలి. కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన కుర్రాడు. నగరంలో పుట్టి నగరంలోనే పెరిగాడు. మనిషి చెడ్డవాడు కాదు. జ్వరాలకీ విరేచనాలకీ ఓపిగ్గా మందులిచ్చేవాడు. ముసలివాళ్ళని 'అవ్వా' అని పిలుస్తుంటే, ఇక్కడ మామ్మ గారూ అనాలని ఎవరో చెప్పారు. వెంటనే మార్చుకున్నాడు. నేర్చుకోవలసిన మాట అదొక్కటే అయితే నేనిది రాయవలసిన పని ఉండేది కాదు.

పాఠం చెప్పిన మర్నాడు తెల్లవారుతూనే నేను ఏటిగట్టు మీదికి వెళ్ళాను. పాలూ బియ్యమూ వచ్చే వ్యాను బడిదాకా రాలేదు. రోడ్డు మీద నీళ్ళు. ట్రాక్టరు మీద ఎక్కించుకుని తీసుకురావాలి. తిరిగి వచ్చేసరికి పొద్దెక్కింది. వేణి వరండా మెట్ల మీద కూర్చుని ఉంది.

"టిఫిన్ తిన్నావా?" అన్నాను.

"అమ్మ లేవలేదండి. డాక్టరు గారు ఇంజక్షనిచ్చేరండి. నిద్దరొస్తుందన్నారు. పడుకుందండి."

"ఇంజక్షను దేనికి?"

"తెల్లారగట్ల పురుగు ముట్టిందండి."

చేతిలో పాల ప్యాకెట్లు అక్కడే పడేసి గదిలోకి పరుగెత్తాను. అనంతలక్ష్మి చాపమీద వెల్లకిలా ఉంది. నిద్రపోయే మనిషి నుదురు అలా ముడతలు పడదు. ఆవిడ కనుబొమలు పైకి లాగి కళ్ళు తెరవాలని నానా యాతనా పడుతోంది. రెప్పలు లేవడం లేదు. దీన్ని వైద్యంలో టోసిస్ అంటారు, విషం నరాలకెక్కి రెప్పల్ని లేవనివ్వకపోవడం. పేరు పెట్టి పిలిచాను. మాట ముద్దగా వచ్చింది, పెదవి చివర్నుంచి చొంగ కారింది.

పక్కనే సత్తెమ్మ గారు కోడలి కాళ్ళు పడుతూ కూర్చున్నారు. "ఏ పురుగండీ? మీరు చూసేరా?" అన్నాను.

ఆవిడ నోటితో చెప్పలేదు. తన చేతిమీద మణికట్టు దగ్గర్నుంచి మోచేతిదాకా వేలితో అడ్డగీతలు గీసి చూపించారు. కట్లు.

డాక్టరు పక్క గదిలో ఎవరికో కట్టు కడుతున్నాడు. నేను ఎలా అడిగానో నాకు గుర్తుంది, మర్యాదగా అడగలేదు. "పాము కరిచిన మనిషికి ఎలర్జీ ఇంజక్షనిచ్చి పడుకోబెట్టారేమిటండీ?"

"పామా?" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "పాము అని ఎవరన్నారు మేడం? పురుగన్నారు. పురుగు అనే అన్నారు!"

క్యాంపులో పాము విషానికి విరుగుడు మందు లేదు. దాన్ని ఏఎస్‌వీ అంటారు, యాంటీ స్నేక్ వెనమ్. వరదలో మునిగిన ఊళ్ళ జనాన్ని ఒకచోట చేర్చి, నేలమీద పడుకోబెట్టి, ఆ మందు మాత్రం తీసుకురాలేదు. తలనొప్పి మాత్రలు అట్టపెట్టెలకొద్దీ ఉన్నాయి. బియ్యం దింపిన ట్రాక్టరులోనే అనంతలక్ష్మిని పడుకోబెట్టాం. వేణి, సత్తెమ్మ గారు, నేను, డాక్టరు ఎక్కాం. 108 బండిని గట్టుమీదికి రమ్మన్నాం.

నీళ్ళలో ట్రాక్టరు నడక ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. ఆ దారిలోనే వేణి నాకు పొద్దున జరిగిందంతా చెప్పింది. డాక్టరు ఎదురుగానే ఉన్నాడు, వింటున్నాడు. నాయనమ్మ లేచేసరికి కట్లపాము చాప అంచునుంచి జారి తూములోంచి బయటికి పోతోందట. అనంతలక్ష్మి చెవికింద ఏదో చురుక్కుమందని లేచి కూర్చుందట. వేణి తల్లిని చెయ్యి పట్టుకుని డాక్టరు బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"అమ్మకి పురుగు ముట్టిందండి."

"పురుగా? ఎక్కడ?"

"చెవికిందండి."

"పెద్దదా, చిన్నదా?"

"సన్నదేనండి. మామ్మ చూసిందండి."

"కుట్టినచోట నొప్పిగా ఉందా? వాచిందా?"

"లేదండి. కడుపులో నొప్పంటుందండి."

"అది వరద నీళ్ళవల్ల. భయం లేదు. ఇంజక్షనిస్తాను, కొంచెం మగతగా ఉంటుంది. పడుకోబెట్టు."

"ఆయ్," అని పిల్ల తల్లిని తీసుకొచ్చి పడుకోబెట్టింది. మా వైపు ఆయ్ అంటే అవునండి, అలాగేనండి. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం రాని పిల్లలు దాన్ని ఇంకా త్వరగా అంటారు. ఒక్కో జవాబూ ఎంత సరిగ్గా ఉందో చూడండి. నొప్పి లేదు, వాపు లేదు, కడుపునొప్పి ఉంది. కట్లపాము కాటుకి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల చెప్పవలసిందంతా చెప్పింది. తరవాత అమ్మ రెప్పలు వాలుతుంటే, డాక్టరు గారు చెప్పిన మగతే అనుకుని, నిద్ర చెడుతుందని తలుపు దగ్గరకేసి బయట కూర్చుంది.

"నీకు తెలుసు కదమ్మా, పామని చెప్పవలసింది," అన్నాను. ఎంత మెల్లగా అందామనుకున్నా కాస్త గట్టిగానే వచ్చింది.

సత్తెమ్మ గారు రెండు చెవులూ మూసుకున్నారు. "పేరెత్తకండి మేడం గారూ, మీకు పుణ్యముంటుంది. పేరెత్తితే ఇసం తలకెక్కుద్దండి. పిల్లకి నేనే చెప్పేను, పేరు మాత్రం అనకే అని."

అప్పుడే వేణి ఫోను మోగింది. మస్కట్ నుంచి తండ్రి. పిల్ల స్పీకర్‌లో పెట్టి, ఏడుపు ఆపుకుంటూ, "నాన్నా, అమ్మకి పురుగు ముట్టింది," అంది.

అటువైపు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఏ పురుగే? కట్లదా, పింజరా?"

సముద్రం అవతల ఉన్న మనిషి ఒక్క మాట విని అడగవలసింది అడిగాడు. బల్లకి ఇవతల నిలబడినవాళ్ళని అవతల కూర్చున్న మనిషి ఆ ఒక్క ప్రశ్నా అడగలేకపోయాడు. నేను డాక్టరు వైపు చూశాను. తల దించుకుని అనంతలక్ష్మి నాడి పట్టుకుని కూర్చున్నాడు.

కట్లపాము విషంలో ఘోరమేమిటంటే, కండరాలు చచ్చుబడినా తెలివి మాత్రం చివరిదాకా ఉండవచ్చు. నేను ఆ సంగతి క్లాసులో ఒక వాక్యంగా చెప్పేదాన్ని. అనంతలక్ష్మి కళ్ళు మూసుకునే ఉంది, కానీ వేణి "అమ్మా, వచ్చేసేం, గట్టు కనపడుతుంది" అన్నప్పుడల్లా నా చేతిలో ఉన్న ఆవిడ వేలు కొంచెం కదిలేది. గట్టుమీద ఆవిడని 108 బండిలోకి మార్చాం. గన్నవరం అక్విడెక్టు వంతెన దాటేక ఆ కదలిక ఆగిపోయింది. అంబులెన్సులోనే డాక్టరు గొట్టం వేసి, రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించాడు. అమలాపురం ఆసుపత్రిలో వాళ్ళు చెయ్యవలసిందంతా చేశారు. ఏఎస్‌వీ ఎక్కించారు, ఊపిరి యంత్రం పెట్టారు. దార్లోనే ఊపిరి చాలా తగ్గిపోయిందనీ, ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే ఏమో చెప్పలేమనీ అన్నారు. చెప్పలేమన్న మాటకి అర్థం అందరికీ తెలుసు. ఆ సాయంత్రానికే అనంతలక్ష్మి పోయింది.

మర్నాడు క్యాంపుకి ఒక అధికారి వచ్చారు. పునరావాస కేంద్రంలో పాముకాటుతో మనిషి పోయిందంటే చాలామంది చాలా జవాబులు చెప్పుకోవాలి. విరుగుడు మందు ఎందుకు లేదు, తూములకి వల ఎందుకు కట్టలేదు, మంచాలు ఎందుకు లేవు. పురుగు కుట్టి పోయిందంటే ఆ బాధ లేదు. ఆయన హెడ్మాస్టరు గదిలో కుర్చీలో కూర్చుని వేణిని పిలిపించారు. తల్లి దహనమై ఇంకా పూట కూడా గడవలేదు.

"డాక్టరు దగ్గరికి మీ అమ్మని తీసుకెళ్ళింది నువ్వేనా?"

"ఆయ్."

"పురుగు అని చెప్పింది నువ్వే కదా?"

"ఆయ్."

"పాము అని ఆయనతో మీరెవరూ అనలేదు కదా?"

"ఆయ్."

"సరే, నువ్వెళ్ళమ్మా," అన్నారాయన. ఎంతో మృదువుగా అన్నారు. ఆ మృదుత్వానికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పిల్ల పామనే చెప్పిందండి," అన్నాను. "ఇక్కడి మాటలో చెప్పింది. మా ఊళ్ళో పురుగు ముట్టిందంటే పాము కరిచిందనే. ముట్టిందన్నాక కూడా కుట్టిందని విన్నది మీవాళ్ళు. పిల్ల చెప్పలేదనకండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు సైన్స్ టీచరు కదా మేడం? పాముకీ పురుగుకీ తేడా మీ విద్యార్థులకి మీరు నేర్పలేదా?"

నేర్పానండి. వెన్నెముక దగ్గర్నుంచి టువటారా దాకా అన్నీ నేర్పాను, ఆ పిల్ల అన్నీ నేర్చుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది వేణి మీదికే తిరుగుతుందని తోచి మింగేశాను. తెలిసి కూడా చెప్పలేదా అంటారు. ఆయన జవాబు కోసం ఆగలేదు, జీపెక్కి వెళ్ళిపోయారు. క్యాంపు కాగితాల్లో అనంతలక్ష్మి పురుగు కుట్టి పోయిన మనిషిగానే మిగిలింది.

డాక్టరు వెళ్ళిపోయే ముందు నా దగ్గరికి వచ్చాడు. "మాకు ఎవరూ చెప్పలేదు మేడం," అన్నాడు. అది నిజమే. ఆయన చదువులో శరీరంలో ఉన్న ఎముకలన్నిటి పేర్లూ నేర్పారు, ఇక్కడి మనుషులు భయపడినప్పుడు ఏం మాట్లాడతారో నేర్పలేదు. నిజమే అయినా ఆయనమీద నా కోపం ఈరోజుకీ పోలేదు. పోవాలని ప్రయత్నించడం కూడా మానేశాను. పెద్దదా చిన్నదా అని అడిగిన మనిషి, ఏ పురుగు అని అడగడానికి ఏ చదువు కావాలి?

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటుంది. చార్టు ముందు నిలబడ్డప్పుడు పిల్లలు మనం నేర్పిన భాష మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో నేర్చుకున్న భాష మాట్లాడతారు. అది వాళ్ళ తప్పు కాదు, ఎవరైనా అంతే. ఆ రెండో భాష నేర్చుకోవలసింది వైద్యం చేసేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు, జీపుల్లో తిరిగేవాళ్ళు. ఇప్పుడు వానాకాలం ముందు నేను దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి కొత్తగా వచ్చిన డాక్టర్లతో మాట్లాడతాను. ఇక్కడ పురుగంటే ఏమిటో, ముట్టడమంటే ఏమిటో చెబుతాను. కొందరు శ్రద్ధగా వింటారు. ఒకాయన, "మూఢనమ్మకాలు మాన్పించండి మేడం, అది కదా మీ పని," అని నవ్వాడు.

వరద తీశాక బడులు తెరిచినా వేణి రాలేదు. చూసి రమ్మనడానికి ఎవరూ లేక నేనే లంకకి వెళ్ళాను. ఇంట్లో మోకాలెత్తున పేరుకున్న ఒండ్రుమట్టిని పిల్ల పారతో తీసి బయట పోస్తోంది. సత్తెమ్మ గారు అరుగుమీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయి, "చూసి అడుగేయండి మేడం గారూ, ఆ చెత్తలో పురుగులుంటాయి," అన్నారు.

వేణి పార ఆపింది. తల తిప్పకుండానే, "పాములు," అంది.

సత్తెమ్మ గారి చేతులు చెవులమీదికి వెళ్ళాయి.

"పాములను, మామ్మా."

"ఊరుకోవే తల్లీ..."

"అను. అంటే ఏమవుతుందో చూద్దాం. అననప్పుడు ఏమైందో చూసేం కదా."

సత్తెమ్మ గారు నావైపు చూశారు. ఇన్నేళ్ళుగా పిల్లల నోట సరైన పేరు పలికించడమే నా ఉద్యోగం. ఆ క్షణంలో మాత్రం వెళ్ళి ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. పెట్టలేదు. పాములు, అన్నారు సత్తెమ్మ గారు, చాలా చిన్న గొంతుతో. వేణి మళ్ళీ పార అందుకుని మట్టి తియ్యడం మొదలుపెట్టింది.